లాంతరు చేపను గుర్తుపట్టాలంటే ముందు దాని తోలు కాపాడాలి

మీ ప్రశ్న ఇది: అరేబియా సముద్రంలో ట్రాల్ వలకు వేలెడంత చేపలు పడ్డాయి, పొట్ట కింద ముత్యాల్లా మెరిసే చుక్కలున్నాయి, ఏ జాతో ఎలా చెప్పాలి, ఆ వెలుగు బ్యాక్టీరియా వల్లేనా?

రెండోదానికి జవాబు సూటిగానే చెప్పొచ్చు. కాదు. కొన్ని సముద్రపు చేపలు బ్యాక్టీరియాను పెంచుకుని వెలుగుతాయి కానీ మీకు పడిన ఈ లాంతరు చేపలు ఆ కోవలోవి కావు. చుక్క లోపలి కణాలే వెలుగును పుట్టిస్తాయి, ఎప్పుడు ఎంత వెలగాలో నరాలు నిర్ణయిస్తాయి. ఒక్కో చుక్కకూ అడుగున నల్లటి గిన్నెలాంటి పొర, దాని మీద అద్దంలా వెలుగును తిప్పికొట్టే పొర, ఆ పైన కటకంలా మందంగా మారిన పొలుసు ఉంటాయి. పై నుంచి దిగే మసక నీలి వెలుగుకు సమానంగా పొట్ట వెలిగితే, కింద పొంచి ఉన్న వేటచేపకు దీని నీడ కనపడదు. అసలు పని అదే.

ఇక గుర్తింపు. లాంతరు చేపల జాతులు సుమారు 250. ఒంటి రంగు, ఆకారం చూసి తేల్చడం కష్టం, చుక్కలు లెక్కపెట్టాల్సిందే. అరేబియా సముద్రంలో ముందుగా అనుమానించాల్సింది బెంథోసీమా టెరోటమ్. 1889–90లో ఇన్వెస్టిగేటర్ సర్వే ఓడ బంగాళాఖాతంలో పట్టిన చేపలను చూసి జీవశాస్త్రవేత్త ఆల్కాక్ 1890లో వర్ణించిన జాతి ఇది. సాధారణంగా 4 సెంటీమీటర్లు, మహా అయితే 7 దాకా పెరుగుతుంది. నోరు పెద్దది, కళ్లు ఇంకా పెద్దవి, వీపు మీద తోక వైపు చిన్న కొవ్వు వాజం ఉంటుంది.

భూతద్దం కింద ముందు తోక మొదలు చూడండి. అక్కడ చుక్కలు 2 ఉంటే బెంథోసీమా, మిక్టోఫమ్ లాంటి ప్రజాతుల వైపు వెళ్లాలి, 4 ఉంటే డయాఫస్, లాంపనిక్టస్‌ల వైపు. ఈ ఒక్క లెక్కతోనే సగం పని తేలిపోతుంది. తర్వాత ఛాతీ కింద 5, శ్రోణి వాజాలకూ పాయు వాజానికీ మధ్య 4 ఉన్నాయా చూడాలి. కంటి ముందు పెద్ద వెలుగు గ్రంథి కనిపిస్తే అది చాలావరకు డయాఫసే. ఎదిగిన బెంథోసీమాలో ఆడ, మగ తేడా కూడా పైకే తెలుస్తుంది: మగదానికి వెలుగు గ్రంథి తోక పైభాగాన, ఆడదానికి కింది భాగాన ఉంటుంది. పిల్లచేపల్లో ఆ గ్రంథి ఉండదు కాబట్టి, లేదు కదా అని వేరే జాతి అనుకోకండి.

చాలామంది తప్పు చేసేది ఇంకా ముందే. వీటి పొలుసులు ముట్టుకుంటే ఊడతాయి, తోలుతో పాటు చుక్కలూ పోతాయి. ఫ్రీజర్‌లో పెట్టి కరిగిస్తే మిగిలిన తోలు కూడా జారిపోతుంది. నా దృష్టిలో ఇంతకంటే పెద్ద నష్టం లేదు. వల పైకి రాగానే చేపల్ని చల్లటి సముద్రపు నీళ్లున్న ట్రేలోకి తీసుకోండి. మెత్తని ఫోర్సెప్స్‌తో తోక దగ్గర పట్టుకోండి, వేళ్లతో వద్దు. రెండు పక్కలా ఫొటో తీయండి, ఎందుకంటే ఒక పక్క ఊడిన చుక్క రెండో పక్క మిగిలి ఉండొచ్చు. ఊడిన చోట కూడా చిన్న గుంట కనిపిస్తుంది, దాన్నీ లెక్కలో కలపాలి.

ఆ తర్వాత వరస ముఖ్యం. డీఎన్‌ఏ కోసం వాజం ముక్క కోసి 95 శాతం ఇథనాల్‌లో వేయండి. వయసు కావాలనుకున్న చేపల తలలోంచి చెవిరాళ్లు (లోపలి చెవిలోని చిన్న సున్నపు రాళ్లు) తీసి, కడిగి, పొడిగా దాచండి. మిగతా చేపలను ఒక వంతు ఫార్మలిన్‌కు తొమ్మిది వంతుల సముద్రపు నీళ్లు కలిపి, పులుపెక్కకుండా బొరాక్స్ వేసిన ద్రావణంలో కొన్ని రోజులు ఉంచి, నీళ్లతో బాగా కడిగి, 70 శాతం ఇథనాల్‌లోకి మార్చండి. ఈ వరస తప్పితే రెండు నష్టాలు: ఫార్మలిన్ పుల్లబడి చెవిరాళ్లను తినేస్తుంది, డీఎన్‌ఏను పాడుచేస్తుంది. ఫార్మలిన్ క్యాన్సర్ కారకం, గ్లవ్స్ లేకుండా, గాలి ఆడని గదిలో దాని జోలికి పోవద్దు.

వల ఏ వేళ, ఏ లోతులో వేశారో లేబుల్ మీద తప్పక రాయండి. పగలు టెరోటమ్ 150–300 మీటర్ల లోతున, ఆక్సిజన్ చాలా తక్కువున్న నీళ్లలో గుంపుగా ఉంటుంది. అక్కడ ట్యూనాలాంటి చురుకైన వేటచేపలు ఎక్కువసేపు నిలవలేవు. చీకటి పడగానే పైకొచ్చి కోపెపాడ్‌ల వంటి చిన్న క్రస్టేషియన్లను (రొయ్యల బంధువులను) తింటుంది, తెల్లవారేలోగా దిగిపోతుంది. నిండు వెన్నెల ఉంటే అంత పైకి రాదు. ఓడ లైట్లకూ బెదిరి తప్పుకుంటుంది. అందుకే ఒక్క రాత్రి పడిన చేపల్ని బట్టి ఆ చోట ఎన్నున్నాయో అంచనా కట్టకూడదు. చేప ఒంట్లోని గాలి తిత్తి సోనార్ శబ్దాన్ని బలంగా తిప్పికొడుతుంది కాబట్టి శబ్దం పంపి ప్రతిధ్వనితో చేపల్ని పసిగట్టే 38 కిలోహెర్ట్జ్ ఎకోసౌండర్ రికార్డు కూడా పక్కన పెట్టుకుని చూడండి.

వయసు విషయంలో వేరే జాతి లెక్కలు దీనికి వాడొద్దు. నార్వేలో కొండల మధ్యకు చొచ్చుకొచ్చే సముద్రపు పాయలైన ఫియర్డ్‌ల చల్లటి నీళ్లలో దీని దగ్గరి చుట్టం బెంథోసీమా గ్లేసియాలే ఏళ్ల తరబడి బతుకుతుంది. టెరోటమ్ ఆయుష్షు ఏడాదిలోపే, కాబట్టి దీని చెవిరాయిలో ఏటి వలయాలు కాదు, రోజువారీ వలయాలు లెక్కపెట్టాలి. దానికి రాయిని పలుచగా అరగదీసి, మైక్రోస్కోప్ కింద నడిమధ్య నుంచి అంచు వైపు లెక్కిస్తూ రావాలి.