సందేహాలు – సమాధానాలు: వెలుగు, వెలుతురు, కాంతి

సందేహం: "ఓడరేవు పనుల్లో దూరం కొలిచే లేజర్ సెన్సర్లు చూసుకునే టెక్నీషియన్ని. కొత్తగా చేరిన కుర్రాళ్ల కోసం నాలుగు పేజీల సూచనలు తెలుగులో రాస్తున్నాను. స్ట్రే లైట్ (కొలతని చెడగొట్టే అక్కర్లేని వెలుగు) అనే మాటకి 'విచ్చలవిడి కాంతి' అని రాస్తే తోటివారు నవ్వారు. 'పరకాంతి' అంటే బాగుంటుందా? పొద్దున్నే సముద్రం మీంచి ఎండ ఎదురుకొట్టినప్పుడు మా సెన్సర్ల అంకెలు ఊగిపోతాయి. ముందున్న అద్దం మీద ఉప్పు పొర పడితే దూరం తక్కువ చూపిస్తాయి. రెండిటికీ కలిపి 'కాంతి దోష నివారణ' అని శీర్షిక పెట్టాను. సరేనా?" — ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

సమాధానం: మీ తోటివారి నవ్వులో న్యాయం ఉంది. 'విచ్చలవిడి' మనిషి నడవడికి వాడే మాట. విచ్చలవిడిగా ఖర్చు పెట్టాడంటే, ఆపుకోగలిగి కూడా ఆపుకోలేదని అర్థం. లేజరుకి ఆ దోషం అంటగట్టకూడదు. 'పరకాంతి'లో వ్యాకరణం తప్పేమీ లేదు, కానీ పనిలో కొత్తగా చేరిన కుర్రాడికి అది చదివితే ఏమీ తోచదు. అయితే ఈ రెండు మాటల కన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది రెండిట్లోనూ ఉన్న 'కాంతి'.

కాంతి సంస్కృతంలో 'కమ్' ధాతువు నుంచి వచ్చింది. కోరడం దాని అర్థం. కాముడు, కాంత, కమనీయం అన్నీ ఆ ఇంటివే. చూడగానే మనసు లాగే అందం కాంతి. జ్వరం తగ్గాక పిల్ల మొహంలో కాంతి వచ్చింది అంటామే, అక్కడ ఆ మాట తన సొంత చోట ఉన్నట్టు. భౌతికశాస్త్రం దాన్ని తీసుకుని కాంతి వేగం, కాంతి సంవత్సరం అని స్థిరపరిచింది. వాటిని కదపమని నేను అనను. కానీ పుస్తకంలో ఉంది కదా అని కిటికీలోంచి వచ్చేదాన్నీ, టార్చిలోంచి వచ్చేదాన్నీ, పొయ్యిలో కనపడేదాన్నీ కూడా 'కాంతి' అనేయడం ఈమధ్య ముదిరిన జాడ్యం. "గదిలో తగినంత కాంతి లేదు" అని రాసేవారు ఇంట్లో కూడా అలాగే మాట్లాడతారా?

మనకి సొంత మాటలు లేకపోతే సరే. ఎన్ని ఉన్నాయో చూడండి. 'వెళ్' అనే ద్రావిడ మూలానికి తెలుపు, ప్రకాశం అని అర్థాలు. తమిళంలో వెళ్ళై అంటే తెలుపు, వెళ్ళి అంటే వెండి, వెళిచ్చం అంటే వెలుతురు. మన వెండి అక్కడిదే. తెల్లని నెయ్యి గనక వెన్న. తమిళులు ఇప్పటికీ వెణ్ణెయ్ అంటారు. తెల్లని ఉల్లి వెల్లుల్లి. గోడకి వేసే సున్నం వెల్ల. నెత్తురు దిగిన మొహం వెలవెలబోతుంది. ఇక వెన్నెల! నెల అంటే చంద్రుడు, తెల్లని నెల వెన్నెల. ఇంత చిన్న మాటలో ఇంత ఆకాశం పట్టించిన జాతి, తన వెలుగుకి తానే మొహం చాటేయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఆ కుటుంబంలోని అక్కచెల్లెళ్లే వెలుగు, వెలుతురు. ఒకటి కావు. వెలుగు ముందు క్రియ, తర్వాత నామం. దీపం వెలుగుతుంది, దీపం 'వెలుతురదు'. పోతన గజేంద్రుడు "పెంజీకటి కవ్వల నెవ్వండేకాకృతి వెలుగు" అన్నప్పుడు అది తనంతట తాను ప్రకాశించడం. అక్కడ వెలుతురుకి చోటు లేదు. వెలుగుకి పుట్టిన చోటు ఉంటుంది, వచ్చే దిక్కు ఉంటుంది. వెలుతురు అలా కాదు, అంతటా పరుచుకుని ఉండేది. "కాస్త పక్కకి జరగండి, వెలుతురు రానివ్వండి" అంటాం. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో 'ఎలుతురు' అంటారు, అర్థం మాత్రం చెక్కుచెదరలేదు. క్రికెట్ వార్తలు రాసేవారిని ఇక్కడ మెచ్చుకోవాలి: సాయంత్రం మబ్బు పట్టి ఆట ఆగితే 'వెలుతురు లేమి' అంటారు. ఎవరూ 'కాంతి లేమి' అనరు.

ఇప్పుడు మీ సెన్సరు దగ్గరికి వద్దాం. అది తన వెలుగుని పంపి, వస్తువుకి తగిలి తిరిగొచ్చేదాకా పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కడుతుంది. ఒక నానోసెకండు, అంటే సెకండులో వందకోట్లో వంతు, తేడా వస్తే దూరం 15 సెంటీమీటర్లు మారిపోతుంది. మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ వేరని మీ ఉత్తరమే చెబుతోంది. పొద్దుటి ఎండ సెన్సరు పంపింది కాదు, బయటిది. అది సెన్సరు పంపిన వెలుగులా లయగా కొట్టుకోదు. అందుకే దూరాన్ని ఒక వైపుకి లాగదు, అంకెల్ని ఊపుతుంది. మరీ ఎక్కువైతే సెన్సరు కళ్లు మూసుకుపోతాయి. ఇది వెలుతురు. ఉప్పు పొర సంగతి వేరు. సెన్సరు పంపిన వెలుగే అద్దం మీద చెదిరి, వస్తువు దాకా పోకుండానే తిరిగొచ్చే వెలుగుని పట్టుకోవడానికి పక్కనున్న రిసీవర్లో పడుతుంది. దాదాపు సున్నా దూరం నుంచి వచ్చిన ఈ వెలుగు అసలు దానితో కలిసి లెక్కని దగ్గరికి లాగుతుంది. ఎదురుగా నల్లని వస్తువు ఉండి, తిరిగొచ్చేది నీరసంగా ఉంటే ఈ లాగుడు ఇంకా ఎక్కువ. మూడోది కూడా ఉంది: వస్తువుకి తగిలాక పక్కనున్న తడి గోడకో, మెరిసే రేకుకో తగిలి చుట్టు తిరిగి వచ్చేది. దానికి దూరం ఎక్కువ చూపిస్తుంది.

అందుకని నా సలహా: మొదటిదాన్ని 'బయటి వెలుతురు' అనండి, రెండోదాన్ని 'దారితప్పిన వెలుగు', మూడోదాన్ని 'చుట్టు తిరిగిన వెలుగు'. పేరు విడిగా ఉంటే మందు కూడా విడిగా గుర్తుంటుంది. బయటి వెలుతురుకి లెన్సు మీద హుడ్ (పక్కల నుంచి ఎండ పడకుండా ఆపే తొడుగు), సెన్సరు రంగుని మాత్రమే రానిచ్చే ఫిల్టరు. 940 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర గాలిలోని నీటి ఆవిరి ఎండని కొంత పీల్చేస్తుంది గనక చాలామంది ఆ రంగే ఎంచుకుంటారు. లేజరు ఆపి ఒకసారి, వేసి ఒకసారి చదివి, రెండోదాంట్లోంచి మొదటిదాన్ని తీసేయడం ఇంకో పద్ధతి. దారితప్పిన వెలుగుకి పంపే కంటికీ చూసే కంటికీ మధ్య అడ్డుగోడ, డబ్బా లోపల మెరవని నలుపు, అద్దం తుడవడం. సముద్రపు గాలి తగిలే చోట అద్దం మంచినీళ్లతో తడిపి తుడవమని మొదటి పేజీలోనే రాయండి. పొడిగుడ్డతో రుద్దితే ఉప్పు గీతలు పడి, ఆ గీతలే మళ్లీ వెలుగుని చెదరగొడతాయి. చుట్టు తిరిగినదానికి సెన్సరు కోణం మార్చి చూడాలి.

మూడిటికీ కలిపి ఒకే మాట కావాలంటే 'స్ట్రే లైట్' అనే ఉంచేయడం మేలని నాకు అనిపిస్తోంది. మీ కుర్రాళ్ల నోట అది ఎలాగూ ఉంది. 'అవాంఛిత వెలుగు' అన్నా తప్పు పట్టను, మెచ్చుకోను.

ఇక శీర్షిక. 'దోషం' కన్నా 'తేడా' నయం. రీడింగ్ తేడాగా వస్తోంది అనే కదా మీరంతా అంటారు. 'నివారణ' అంటే పూర్తిగా రాకుండా చేయడం. ఎండలో పనిచేసే పరికరానికి అంత మాట ఇవ్వలేం కాబట్టి 'తగ్గించడం' అని రాయండి.