డాకర్ దగ్గరే ఆగిపోయాడు, కోర్సులో చేర్పించమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మూడో సంవత్సరం, సీఎస్‌ఈ. సెలవులకు ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లైనక్స్ మింట్ వేసుకున్నాడు. డెవాప్స్ (ప్రోగ్రాములను సర్వర్ల మీద ఎక్కించి నడిపే పని) నేర్చుకుంటానని ‘డాకర్’ అనేదాన్ని ఎక్కించడానికి 10 రోజులుగా కుస్తీ పడుతున్నాడు. ఒకసారి ‘రిలీజ్ ఫైల్ లేదు’ అని వస్తుంది, ఇంకోసారి ‘పర్మిషన్ డినైడ్’. ఇప్పటికి రెండుసార్లు అంతా చెరిపి మొదటినుంచి వేశాడు. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 40 వేలకు 3 నెలల్లో నేర్పిస్తామంటున్నారు. చేర్పించమంటారా? లాప్‌టాప్ కూడా 8 జీబీదే, కొత్తది కొనాలా?
– ఒక తల్లి, జనగామ

జవాబు: అమ్మా, ఆ 40 వేలు ఇప్పుడే కట్టకండి. కోర్సులు పనికిరావని కాదు. మీవాడు ఆగిపోయిన చోటు కోర్సుతో దాటేది కాదు, కాస్త ఓపికతో దాటేది.

ముందు మీకోసం ఒక ముక్క. ఇడ్లీ పాత్ర చూడండి. అడుగున నీళ్ళు ఒకటే, పొయ్యి ఒకటే, గుంటలు మాత్రం వేటికవే. లైనక్స్‌లో కెర్నెల్ (సిస్టమ్ గుండెకాయ) అంటే ఆ అడుగునున్న నీళ్ళూ పొయ్యీ, ఒక్కో ప్రోగ్రామును విడిగా ఉంచే కంటైనర్లు ఆ గుంటలు. పాత పద్ధతి వర్చువల్ మెషీన్‌లో ఒక్కో ఇడ్లీకి ఒక్కో పొయ్యి వెలిగించాలి. ఏ గుంటకు ఎంత ఆవిరి వెళ్ళాలో చూసే సీగ్రూప్స్ అనే ఏర్పాటు 2008 నుంచే కెర్నెల్‌లో ఉంది. 2013లో వచ్చిన డాకర్ ఇలాంటివాటిని మామూలు ప్రోగ్రామర్ చేతికి అందేలా చేసింది. అందుకే కంపెనీలు అంత త్వరగా పట్టుకున్నాయి.

ఇక్కడి నుంచి మీ అబ్బాయికి చదివి వినిపించండి.

బాబూ, ‘రిలీజ్ ఫైల్ లేదు’ అన్నది నీ తప్పు కాదు, నువ్వు చూసిన పాత వీడియోది. ఆ వీడియోలన్నీ ఉబుంటు అనే ఇంకో రకం లైనక్స్ కోసం చేసినవి. నీది మింట్. పాత ఆదేశం ‘ఈ సిస్టమ్ పేరేమిటి’ అని అడిగితే మింట్ 22 తన పేరు ‘విల్మా’ అని చెబుతుంది. డాకర్ వాళ్ళ సర్వర్‌లో విల్మా అనే ఫోల్డరే ఉండదు. అది ఏ ఉబుంటు మీద కట్టిందో, ఆ 24.04 పేరు ‘నోబుల్’ అని ఇవ్వాలి. /ఈటీసీ ఫోల్డర్‌లో ఓఎస్-రిలీజ్ అనే ఫైల్ తెరిస్తే రెండు పేర్లూ కనిపిస్తాయి. ఇంకో మాట: ఉబుంటు సొంత గోదాములో ‘డాకర్ డాట్ ఐఓ’ పేరుతో ఒక ప్యాకేజీ, డాకర్ కంపెనీ గోదాములో ‘డాకర్ సీఈ’ అని ఇంకొకటి ఉన్నాయి. రెండూ కలిపితే గొడవ. ఒకటి పూర్తిగా తీసేశాకే రెండోది వెయ్యి.

‘పర్మిషన్ డినైడ్’ దగ్గర మాత్రం నాకు భయం. చాలామంది పిల్లలు చేసేదేమిటంటే, ఎవరో కామెంట్లో రాశారని డాకర్‌తో మాట్లాడే దారి అయిన సాకెట్ ఫైల్‌కి, అనుమతులు మార్చే సీహెచ్‌మాడ్ ఆదేశం కొట్టి అందరికీ తలుపులు బార్లా తెరిచేస్తారు. పని జరుగుతుంది, కాబట్టి సరైందే అనుకుంటారు. నువ్వూ అదే చేసి ఉంటే వెనక్కి మార్చు. అసలు దారి నీ యూజర్‌ని ‘డాకర్’ గ్రూపులో చేర్చడం. యూజర్‌మాడ్‌తో చేరుస్తారు, హైఫన్ తర్వాత చిన్న ఏ, పెద్ద జీ. ఆ చిన్న ఏ మర్చిపోయావా, నువ్వు మిగతా గ్రూపులన్నిట్లోంచీ బయటికి వెళ్ళిపోతావు, అడ్మిన్ పనులు చేయనిచ్చే సుడో గ్రూపుతో సహా! మళ్ళీ లాగిన్ అయ్యాక సుడో పనిచేయదు. అప్పుడు లాప్‌టాప్ చెరపక్కర్లేదు. రికవరీ మోడ్‌లో బూట్ చేసి, రూట్ (సర్వాధికారాలున్న యూజర్) షెల్ తీసుకుని సుడో గ్రూపులో మళ్ళీ చేర్చుకుంటే సరి. నీ రెండు ‘ఫార్మాట్’లలో ఒకటి దీనివల్లే అయుంటుందని నా అనుమానం.

గ్రూపులో చేరాక లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ కావాలి. అది చేయక, ‘చేర్చినా అదే ఎర్రర్’ అని మొదటికొచ్చేవాళ్ళను ఎంతమందిని చూశానో. డాకర్ గ్రూపులో ఉన్నవాడికి దాదాపు రూట్ అంత అధికారం ఉన్నట్టేనని కూడా గుర్తుపెట్టుకో. నీ లాప్‌టాప్‌లో ఫర్వాలేదు. కంపెనీ సర్వర్‌లో ఆ గ్రూపులో ఎవరినైనా చేర్చమంటే ఆలోచించి చేర్చాలి. డాకర్ లాంటిదే అయిన రెడ్ హ్యాట్ వాళ్ళ పాడ్‌మ్యాన్‌ని రూట్ లేకుండా, వెనక ఎప్పుడూ నడిచే డీమన్ లేకుండా నడుపుకోవచ్చు. అలా ఎందుకు చేశారో ఇక్కడే నీకు అర్థమవుతుంది.

డాకర్ పనిచేస్తోందని చూపే హలో-వరల్డ్ వచ్చిందని సంబరపడి ఆగిపోకు. నీ కాలేజీ మినీ ప్రాజెక్టునూ దాని మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌నూ రెండు కంటైనర్లలో పెట్టి, రెంటినీ కలిపి లేపే కంపోజ్ ఫైల్‌తో నడుపు. తర్వాత కావాలనే డేటాబేస్ కంటైనర్‌ని తీసేయి. కంటైనర్ పోయినా డేటా నిలిచే చోటు, అంటే వాల్యూమ్, నువ్వు పేరుపెట్టి చేసుకోకపోతే, మళ్ళీ లేపినప్పుడు డేటాబేస్ ఖాళీగా వస్తుంది. ఇక్కడ ఇంట్లో ఏడిస్తే రేపు ఉద్యోగంలో ఏడవక్కర్లేదు. కంటైనర్లు రాసుకునే లాగ్‌లకు హద్దు పెట్టకపోతే డిస్క్ నిండుతుంది. డీమన్ డాట్ జేసన్ ఫైల్‌లో మ్యాక్స్-సైజ్, మ్యాక్స్-ఫైల్ ఇవ్వు. అందులో కామా ఒకటి తప్పినా డాకర్ లేవదు. ఎందుకు లేవలేదో జర్నల్‌సీటీఎల్ ఆదేశం చెబుతుంది. యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ పెట్టాను కదా అని ధీమా కూడా వద్దు, డాకర్ బయటికి తెరిచిన పోర్ట్ దాన్ని దాటుకుని పోతుంది. ఆ పోర్ట్‌ని 127.0.0.1కి, అంటే నీ మెషీన్ సొంత చిరునామాకి కట్టేస్తే నీ మెషీన్‌లోనే ఉంటుంది.

వచ్చిన ప్రతి ఎర్రర్‌నీ నోట్‌బుక్‌లో రాసుకో: ఏం వచ్చింది, ఏమనుకున్నావు, అసలు కారణమేమిటి. కిందటేడాది ఒక మాక్ ఇంటర్వ్యూలో ఒకమ్మాయి కంటైనర్ నిర్వచనం చెప్పలేక తడబడింది. ‘మీ సిస్టమ్‌లో ఎప్పుడైనా డాకర్ ఆగిపోయిందా’ అని అడిగితే మాత్రం పావుగంట ఆపకుండా చెప్పింది. పక్కన కూర్చున్న సీనియర్ ఇంజినీర్ పెన్ను కింద పెట్టి విన్నాడు.

అమ్మా, మళ్ళీ మీతో. ఇన్‌స్టిట్యూట్‌కి ఫోన్ చేసి ఒక్కటే అడగండి: పిల్లలు సొంత లాప్‌టాప్‌లో మొదటినుంచి ఎక్కిస్తారా, లేక మీరు ముందే సిద్ధం చేసిన మెషీన్‌లో ఆదేశాలు టైప్ చేస్తారా? రెండోదైతే వద్దు. మొదటిదైనా ఒక సెమిస్టర్ ఆగండి. ‘ఫ్రెషర్‌కి డెవాప్స్ ఉద్యోగం గ్యారంటీ’ అన్న మాట వినబడితే ఫోన్ పెట్టేయండి. నేను చూసినంతలో ఎక్కువమంది సపోర్ట్‌లోనో, డెవలపర్‌గానో చేరి తర్వాత అటు మళ్ళినవాళ్ళే. సర్టిఫికెట్ కావాలనుకుంటే తర్వాత చాలా కంటైనర్లను కలిపి నడిపే కుబర్నెటీస్ మీద సీకేఏ అనే పరీక్ష ఉంది. 2 గంటల పరీక్ష, టిక్కులు పెట్టే ప్రశ్నలుండవు, టెర్మినల్‌లో పని చేసి చూపించాలి. అప్పుడు ఈ 10 రోజుల కుస్తీయే వాడికి అక్కరకొస్తుంది.

లాప్‌టాప్ కొత్తది అక్కర్లేదు. లైనక్స్ మీద డాకర్ ఇంజిన్‌కి 8 జీబీ ర్యామ్ బాగా సరిపోతుంది. ‘డాకర్ డెస్క్‌టాప్’ మాత్రం వేయొద్దనండి, అది లోపల ఒక వర్చువల్ మెషీన్ నడుపుతుంది, బరువు. పాత హార్డ్ డిస్క్ ఉంటే ఎస్‌ఎస్‌డీ వేయించండి. ఆ పనికి ముందు వాడి ప్రాజెక్టు ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోకి తీయించండి.