‘మొనాస్టిక్’కు ఉర్దూలో ఒక్క మాట సరిపోదు

ప్రశ్న: హైదరాబాద్‌లో బీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ వరకు ఉర్దూ ఒక సబ్జెక్టు. అనువాద రంగంలోకి వెళ్లాలనుకుంటున్నాను. ఈమధ్య రాసిన ఒక నమూనా పరీక్షలో ‘మొనాస్టిక్’ (మఠ జీవితానికి, సన్యాసానికి సంబంధించిన) అనే ఇంగ్లిష్ మాట మూడు వాక్యాల్లో వచ్చింది. ఒకటి యూరప్ క్రైస్తవ మఠాల గురించి, ఒకటి నాగార్జునకొండ గురించి, ఇంకొకటి ఒక సూఫీ జీవితం గురించి. నిఘంటువులో చూసిన ‘రాహిబానా’ అనే ఉర్దూ మాటనే మూడింటికీ రాశాను. రెండు తప్పన్నారు. ఎందుకు? ఇకమీదట ఏం చదవాలి?

జవాబు: నిఘంటువు మీకు తప్పు చెప్పలేదు, సగమే చెప్పింది. ‘రాహిబ్’ అంటే ముఖ్యంగా క్రైస్తవ సన్యాసి. ‘రాహిబానా’ విశేషణం, ‘రహ్బానియత్’ ఆ సన్యాస పద్ధతి. వీటి అరబీ ధాతువుకు భయమని అర్థం, ఇక్కడ దైవభీతి అనుకోండి. కాబట్టి మీ మొదటి వాక్యానికి ఢోకా లేదు.

నాగార్జునకొండ దగ్గర మాట మారాలి. బౌద్ధుల విషయంలో ‘భిక్షు’, ‘విహార్’ అనే మాటలు ఉర్దూలోనూ చెల్లుతాయి. ‘మొనాస్టిక్ సెల్స్’ అని ఉంటే ‘భిక్షుఓం కే హుజ్రే’ అనండి. హుజ్రా అంటే చిన్న గది. ఇక్కడే ‘సెల్’ను ‘ఖలియా’ చేస్తే భిక్షువుల గది కాస్తా జీవకణమైపోతుంది!

సూఫీ వాక్యంలో పొరపాటు ఇంకా పెద్దది. ఖురాన్ 57వ సూరా 27వ ఆయత్ ప్రకారం రహ్బానియత్ క్రైస్తవులు తమంతట తాము కల్పించుకున్నది. అందుకే ఆ మాట ముస్లిం పాఠకుడికి మెచ్చుకోలుగా వినిపించదు. నిరాడంబర జీవితమైతే ‘దర్వేశానా’, సూఫీ మఠ వ్యవస్థ అయితే ‘ఖాన్‌ఖాహీ’ రాయండి. అన్నట్టు, ‘రహ్బర్’కు వీటితో చుట్టరికం లేదు. అది దారి చూపేవాడనే ఫారసీ మాట. తొందరలో ‘రాహిబ్’ను అలా చదివేసేవారున్నారు.

ఇక చదువు. గచ్చిబౌలిలో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో అనువాద అధ్యయనాల్లో ఎంఏ ఉంది. చేరేవాళ్లు పది, ఇంటర్, డిగ్రీల్లో ఎక్కడో ఒకచోట ఉర్దూ చదివి ఉండాలి, కాబట్టి మీ ఇంటర్ ఉర్దూను తేలిగ్గా తీసుకోకండి. మీరు చేరే ఏడాది ప్రవేశ ప్రకటన చూసుకుని సర్టిఫికెట్లు సిద్ధం చేసుకోండి.

ఇంగ్లిష్–ఉర్దూకే పరిమితం కావద్దని నా సలహా. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష అయింది, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో చట్టం వచ్చింది. కార్యాలయాల్లో తెలుగు–ఉర్దూ మధ్య కూడా అనువాదం అవసరమవుతుంది. మీకు తెలుగు రావడమే అసలు బలం. జీవోలు, నోటీసులు రోజుకొక పేజీ అటూ ఇటూ రాయండి. పదాల పట్టికలో మాట, అర్థంతో ఆపకుండా ‘ఏ మతం, ఏ సందర్భం’ అని మూడో గడి పెట్టుకోండి.

టైపింగ్ కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. ఉర్దూ పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌పేజ్ ఒక్కటి నేర్చుకుంటే సరిపోదు, యూనికోడ్ కీబోర్డు కూడా కావాలి. పాత ఇన్‌పేజ్ ఫైల్లోని మాటలను నేరుగా వర్డ్‌లో అతికిస్తే అక్షరాలు చెదిరిపోతాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఒకసారి పూర్తిగా చదివాకే పంపండి.