కమిటీ మెంబరైన మా తమ్ముడి కొడుక్కి

బాబుకి పెదనాన్న ఆశీస్సులు.

మీ చర్చి సంఘం కమిటీకి నిన్ను ఎన్నుకున్నారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఫ్లెక్సీ ఫోటో కూడా పంపాడు. అందులో నీ మొహం ప్రభువు బొమ్మ కంటే పెద్దగా ఉంది. నువ్వు వేయించి ఉండవులే, స్నేహితుల పనే అయ్యుంటుంది. అయినా దింపించెయ్.

నేనూ దోర్నకల్ దగ్గర మన ఊరి గుడి కమిటీలో పన్నెండేళ్ళు కూర్చున్నవాణ్ణే. మొదటి ఏడాదే ఒక తప్పు చేశాను. క్రిస్మస్ ప్రేమవిందు రోజు కొత్త లాల్చీ వేసుకుని, ఊరికొచ్చిన ఆఫీసర్ల పక్కన మొదటి బంతిలోనే కూర్చుని శుభ్రంగా తిన్నాను. ప్రతి శనివారం గుడి ఊడ్చే ముసలమ్మ ఒకామె ఆఖరి బంతిలో కూర్చుంది. అప్పటికి ముక్కలన్నీ అయిపోయి గిన్నె అడుగున పులుసే మిగిలింది. ఆమె ఏమీ అనలేదు. పులుసన్నం తిని, తన విస్తరి మడుచుకుని, మేం వదిలేసి లేచిన విస్తళ్ళు కూడా ఏరుకుని బయట పడేసింది.

నాకు సిగ్గేసింది. ఆ శనివారం గుడికెళ్ళి చీపురు ఇమ్మన్నాను. "నీకు రాదులే అయ్యా" అంది. నిజంగానే రాదు. నీళ్ళు చిలకరించకుండా ఊడిస్తే దుమ్మంతా లేచి మళ్ళీ బెంచీల మీదే పడుతుంది. ఆమె ప్రభువు బల్ల దగ్గర మొదలుపెట్టి గుమ్మం దాకా వచ్చేది. తర్వాత ఒక్కో బెంచీ కిందకీ వంగి తడిగుడ్డతో తుడిచేది. అక్కడెవరు చూస్తారమ్మా అన్నాను. "మోకరించినోళ్ళకు కనపడతది" అంది. ఆమెకి అక్షరం ముక్క రాదు.

ఏది చేసినా మనుషుల కోసం కాదు, ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చేయమని బైబిల్లో కొలొస్సయుల పత్రిక మూడో అధ్యాయంలో ఉంది కదా. మనం దాన్ని గోడల మీద రాయించుకుంటాం. దాని పై వచనం కూడా చదువు. ఆ మాట దాసులకు చెప్పింది. నాలుగో అధ్యాయం తెరవగానే యజమానులకూ ఒక మాట ఉంది, మీ దాసులకు న్యాయంగా ఇవ్వాల్సింది ఇవ్వండని. మనవాళ్ళు మొదటిది వాచ్‌మన్‌కి వినిపిస్తారు, రెండోది దాటేస్తారు. దేవుని పని కదా సర్దుకో అంటూ మూడు నెలల జీతం ఆపిన కమిటీలో నేనూ ఉన్నాను. తగ్గించుకుని ఉండటం గురించి కింద కూర్చున్నవాళ్ళకి బోధించడం చాలా తేలిక. నువ్వు మొదటి మీటింగులో రంగుల సంగతీ మైకు సంగతీ ఎత్తకు. జీతాలు ఏ తారీకున ఇస్తున్నారో అడుగు.

మన దోర్నకల్ అజరయ్య బిషప్‌గారు తిరునెల్వేలి వైపు మనిషి. పెద్దయ్యాక తెలుగు నేర్చుకుని మన మధ్య బతికారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చి శాఖలో, తొలి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ళ ముందు ఎడిన్‌బరోలో మిషనరీల పెద్ద సభ జరిగితే, అక్కడ నిలబడి ఆయన అడిగింది డబ్బు కాదు. మీరు మాకోసం ఎంతో త్యాగం చేశారు, ఇక మాకు స్నేహితులు కావాలి అన్నారు. అక్కడున్న దొరల్లో చాలామందికి అది గుచ్చుకుంది. ఇప్పుడు ఆ దొరల కుర్చీల్లో మనం ఉన్నాం. బస్తీకి వెళ్ళి దుప్పట్లు పంచుతాం, ఫోటో దిగుతాం, వాళ్ళు టీ తాగి వెళ్ళమంటే టైమ్ లేదంటాం. కూర్చుని ఆ టీ తాగు. దుప్పటి ఇవ్వడం కన్నా అదే కష్టం, నువ్వే చూస్తావు.

మంచి శుక్రవారం ముందు రోజు కాళ్ళు కడిగే ఆరాధనకు జనం ఇంట్లోనే సబ్బుతో రుద్దుకుని వస్తారు, చూశావా? యేసు కడిగింది శిష్యుల దుమ్ము కాళ్ళు. మైకు పట్టుకుని "నేనెంతటివాణ్ణి" అని పది నిమిషాలు చెప్పేవాళ్ళ సంగతీ ఇంతే. ఫ్యాన్ ఇస్తే ఇవ్వు, రెక్కల మీద పేరు మాత్రం రాయించకు. తిరిగేటప్పుడు ఎలాగూ కనపడదు, కరెంటు పోయినప్పుడు చదువుకోవాలంతే.

నడుం పట్టేయడంతో నేను ఊడ్వడం మానేశాను. ఇప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు వరసలో సర్దుతున్నాను. క్రిస్మస్‌కి వస్తావుగా? మొదటి బంతిలో వడ్డించడానికి ఒక మనిషి తక్కువున్నాడు, పులుసు బకెట్టు నీకోసం ఉంచుతాను. తెల్ల చొక్కా వేసుకురాకు.

మీ పెదనాన్న