ఒంగోలులో ‘ప్లే డర్టీ’ వేయొచ్చా? వేయండి, సాహస చిత్రమని మాత్రం చెప్పకండి

మీరు అడిగినవి మూడు. 1969 నాటి యుద్ధ సినిమా ‘ప్లే డర్టీ’ నిజంగా ‘డర్టీ డజన్’కు నకలేనా? గిద్దలూరు వైపు నుంచి రిటైరైన సైనికులు కూడా వచ్చే మీ ఒంగోలు ప్రదర్శనలో వేయదగినదేనా? తెలుగు సబ్‌టైటిళ్లతో వేయాలంటే ఏం చూసుకోవాలి?

నకలు కాదు. పోలిక పోస్టరు దాకానే. జైలు మనుషులను పోగుచేసి శత్రువు మీదికి పంపడం రెండింట్లోనూ ఉంది. 1967లో వచ్చిన ‘డర్టీ డజన్’లో వాళ్లకు శిక్షణ ఉంటుంది, ఒకరి మీద ఒకరికి అభిమానం పుడుతుంది, చచ్చినా గౌరవంగా చస్తారు. ‘ప్లే డర్టీ’ ఈ మూడూ ఇవ్వదు. అందుకే అప్పట్లో ఎవరికీ పట్టలేదని నా నమ్మకం. ‘వేర్ ఈగిల్స్ డేర్’ లాంటి భారీ సాహసాలు ఆడుతున్న రోజుల్లో ఇది వచ్చింది. ‘మ్యాష్’, ‘క్యాచ్-22’ వచ్చి యుద్ధాన్ని నిలదీసే సినిమాలకు ప్రేక్షకుణ్ని అలవాటు చేసింది 1970లో. ఏడాది ముందు రావడం దీని దురదృష్టం. పైగా వాటిలో ఉన్న నవ్వు కూడా ఇందులో లేదు.

కథ క్లుప్తంగా: ఉత్తర ఆఫ్రికా, రెండో ప్రపంచయుద్ధం. డగ్లస్ (మైకేల్ కెయిన్) ఆయిల్ కంపెనీ మనిషి. సైన్యానికి అరువు మీద వచ్చి రేవులో ఇంధనం దిగుమతి చూసుకుంటుంటాడు. జర్మన్ల ఇంధన డిపోను పేల్చడానికి అతన్ని నాయకుడిగా పంపుతారు. దారి నడిపేది మాత్రం లీచ్ (నైజెల్ డావెన్‌పోర్ట్), జైలు చూసి వచ్చినవాడు. డగ్లస్‌ను ప్రాణాలతో వెనక్కి తెస్తే లీచ్‌కు 2,000 పౌన్లు. మిగతావాళ్లకు ఆ పూచీ లేదు. ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకుని చూస్తే సినిమా అంతా తేటగా అర్థమవుతుంది. లీచ్ చేసే ప్రతి మంచిపని వెనకా ఆ డబ్బుంది. వీళ్ల వెనకాలే అసలు సైనిక దళం ఒకటి వస్తుంటుంది, వీళ్లు దానికి ఎర. ఆ దళం మాటుదాడిలో చిక్కుకుంటే డగ్లస్ హెచ్చరించబోతాడు, లీచ్ కదలనివ్వడు. పైనుంచి చూస్తూ ఊరుకుంటారు. ఆ ఘట్టంలో లీచ్‌ను దుర్మార్గుడనుకుంటే సగమే చూసినట్టు. అతన్ని ఆ జీతానికి పెట్టుకున్నదెవరో, ఆఫీసులో కుర్చీలో కూర్చుని ఆ దళాన్ని నడిపిస్తున్నదెవరో కూడా చూడాలి.

దర్శకుడు ఆండ్రే డి టాత్ హంగేరీవాడు. మొదట ఈ పని రెనే క్లెమాన్‌ది, ఆయన తప్పుకున్నాక డి టాత్ చేపట్టాడు. ఒక్క కన్నుతోనే 1953లో ‘హౌస్ ఆఫ్ వాక్స్’ అనే త్రీడీ సినిమా తీసిన మనిషి. ‘ప్లే డర్టీ’ చిత్రీకరణ స్పెయిన్‌లోని అల్మెరియా ఎడారి ప్రాంతంలో జరిగింది. నిర్మాత హ్యారీ సాల్ట్‌జ్‌మన్, సంగీతం మిషెల్ లెగ్రాన్. సంగీతం చాలాచోట్ల తప్పుకుని గాలికీ ఇంజన్లకూ దారి ఇస్తుంది. అది లోటు కాదు, కావాలని చేసిన పని.

మీవాళ్లను ముందే సిద్ధం చేయాల్సింది బండ్లను నిటారు గుట్ట ఎక్కించే ఘట్టానికి. చాలాసేపు సాగుతుంది, మాటలు దాదాపు ఉండవు. ఉక్కుతాడు, కప్పీ, చక్రాల కింద రాళ్లు, అంతే. ‘ఇక్కడ ఫార్వర్డ్ చేయండి’ అని ఎవరో ఒకరు అంటారు. చేయకండి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో బండను పైకి లేపడం చూసినవాళ్లకు ఈ ఘట్టం వెంటనే పడుతుంది: తాడు బిగిసినప్పుడు దాని వరుసలో మనిషి నిలబడకూడదు, తెగితే అది కొరడాలా వెనక్కి కొడుతుంది. పైనున్న కప్పీ లాగే దిశను మారుస్తుందే గాని బరువును తగ్గించదు. బరువు తగ్గాలంటే కదిలే కప్పీ కావాలి, అప్పుడు రెట్టింపు తాడు లాగాలి. ఈ సంగతి తెలిసిన కన్నుకు అక్కడి ప్రతి అంగుళం గుండె పట్టుకునేలా చేస్తుంది. అంత శ్రమపడి చేరేసరికి, ఇక్కడ కథలో కీలకం చెబుతున్నాను, ఆ డిపో ఉత్తుత్తిది. కళ్లు కప్పడానికి నిలబెట్టిన బొమ్మ. అందుకే గుట్ట ఘట్టాన్ని కోస్తే సినిమా కూలిపోతుంది. పడ్డ కష్టాన్ని మనమూ మోయకపోతే అది వృథా అయిన సంగతి మనకు తగలదు.

చివరిభాగం కూడా ఈ లెక్కే. ఈలోగా బ్రిటిష్ సైన్యం ముందుకొస్తుంది. ఆ ఇంధనం ఇప్పుడు వాళ్లకే కావాలి, కాబట్టి వీళ్లు ఇక దాడిచేయబోయే అసలు డిపో పేలకూడదు. తమవాళ్ల రాక గురించి శత్రువుకు సమాచారం చేరవేసేది తమ అధికారులే. అయినా మిగిలిన ఇద్దరూ, డగ్లస్, లీచ్, జర్మన్ దుస్తుల్లో తెల్లజెండా పట్టుకుని బయటికొస్తే బ్రిటిష్ సైనికుడే కాల్చేస్తాడు. చిన్న మందలింపుతో సరి. దీన్ని ‘షాక్ ఇవ్వడానికి పెట్టిన ముగింపు’ అన్నవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మొదటి సన్నివేశం చూడండి: లీచ్ పక్కసీటులో శవాన్ని పెట్టుకుని జీపు నడుపుతూ, తమ శిబిరం దగ్గర పడగానే టోపీ మారుస్తాడు, రేడియోలో జర్మన్ పాట తీసి ఇంగ్లీషు పాట పెడతాడు. దుస్తులను బట్టే మనిషి బతుకూ చావూ అని అప్పుడే చెప్పేశాడు దర్శకుడు.

లోపాలున్నాయి. జర్మన్ నర్సు మీద అత్యాచార ప్రయత్నం ఉంది. ఇప్పుడు చూస్తే ఆ ఘట్టం నిడివీ కెమెరా వైఖరీ ఇబ్బందిపెడతాయి. ఆహ్వానంలోనే ఒక్క వాక్యం రాసి పెట్టండి, పిల్లలను తీసుకురావద్దని స్పష్టంగా చెప్పండి. అరబ్ పాత్రలకు రంగు తప్ప లోతు తక్కువ.

రిటైరైన సైనికులు అడగబోయే ప్రశ్న ఒకటుంది: మనవాళ్లేరీ? కథలో భారత సైనికుల ఊసు లేదు. నిజానికి ఉత్తర ఆఫ్రికాలో నాలుగో భారత డివిజన్ పోరాడింది. అందులో మద్రాస్ శాపర్స్ (సైనిక ఇంజనీర్లు) 12వ ఫీల్డ్ కంపెనీ ఉంది. అప్పటికి నెల్లూరూ, గుంటూరు జిల్లాలో ఉన్న ఒంగోలూ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. 1940లో రాల్ఫ్ బ్యాగ్నోల్డ్ మొదలుపెట్టిన, ఎడారిలో చాలా దూరం లోపలికి వెళ్లి పనిచేసే లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ తరహాలో ఇండియన్ లాంగ్ రేంజ్ స్క్వాడ్రన్ కూడా పనిచేసింది. సినిమా తర్వాతి చర్చను ఇక్కడ మొదలుపెడితే ఆ పెద్దలు మాట్లాడతారు.

ఇక వేయడం సంగతి. సినిమా నిడివి సుమారు 118 నిమిషాలు. పాత యూరప్ డిస్క్ దొరికితే అది 113 నిమిషాలే చూపిస్తుంది. సీన్లు కోశారని కంగారుపడకండి. సెకనుకు 24 ఫ్రేములను 25గా నడపడం వల్ల నాలుగు శాతం తొందరగా అయిపోతుంది. చిక్కు సబ్‌టైటిళ్లతోనే: 24 ఫ్రేములకు చేసిన ఫైలును దానికి జతచేస్తే మొదట్లో సరిగ్గానే ఉండి, గంట కథకు రెండు నిమిషాల ఇరవైనాలుగు సెకన్లు తేడా వస్తుంది. వీఎల్‌సీలో జి, హెచ్ మీటలు నొక్కి ముందుకూ వెనక్కూ జరిపితే ఇది సర్దుకోదు, కాసేపటికి మళ్లీ పక్కకు పోతుంది. ‘సబ్‌టైటిల్ ఎడిట్’లో ఫ్రేమ్ రేటు మార్చే ఎంపికతో 24 నుంచి 25కు మార్చండి. తేడా మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటే మాత్రం ఆ మీటలు చాలు.

తెలుగు ఫైలును సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అని ఎంచుకోండి, లేకపోతే అక్షరాల స్థానంలో పిచ్చి గుర్తులు వస్తాయి. డబ్బాలు కనబడితే, వత్తులు విడిపోతే తప్పు ఫాంటుది. నోటో సాన్స్ తెలుగు ఎక్కించి ప్లేయర్ సెట్టింగుల్లో దాన్ని ఎంచుకోండి. వరుసకు 30, 35 అక్షరాలకు మించకుండా రెండు వరుసలే పెట్టండి. లీచ్ మాటలు పొట్టివి, గ్రాంథికంలోకి తిప్పితే చచ్చిపోతాయి.

బొమ్మ 2.35:1 నిష్పత్తిలో ఉంటుంది. 10 అడుగుల వెడల్పు తెర మీద ఎత్తు 4 అడుగుల 3 అంగుళాలే వస్తుంది. తెర నిండలేదని సాగదీసినా జూమ్ చేసినా ఎడారి వెడల్పు పోతుంది, అంచుల్లో నిలబెట్టిన మనుషులూ పోతారు. కింది నల్లపట్టీ సబ్‌టైటిళ్లకు పనికొస్తుంది. చివరి డిపో దాడి రాత్రిపూట జరుగుతుంది. వెంటిలేటర్ల వెలుగు పడితే ఏమీ కనబడదు, కాబట్టి మే నెలలో ఏడింటికి ముందు మొదలుపెట్టకండి. మాటలు నెమ్మదిగా ఉంటాయి, సీలింగ్ ఫ్యాన్ల హోరులో మునిగిపోతాయి. స్పీకర్లను తెర పక్కనే పెట్టి, పేలుడు ఘట్టంలో కాకుండా ఆఫీసు సంభాషణలో సౌండు సరిచూసుకోండి. ఇంటర్వెల్ లేకుండా వేయడం మేలు. తప్పదంటే గుట్ట ఎక్కించే ఘట్టం మధ్యలో మాత్రం ఆపకండి.

అనుమతి విషయం మరవకండి. మన చట్టం ప్రకారం సినిమాకు కాపీరైట్ 60 ఏళ్లు, అంటే దీనికి 2029 చివరిదాకా ఉంటుంది. ఇంట్లో చూసుకోవడానికి కొన్న డిస్కు హాల్లో వేయడానికి చెల్లదు. టిక్కెట్టు లేకపోయినా హక్కుదారుకు రాసి లిఖితపూర్వకంగా తీసుకోండి, తేదీ ప్రకటించేది ఆ జవాబు చేతికొచ్చాకే.