జట్టు కావాలా, మ్యాచ్ కావాలా?

ప్రశ్న: లక్నోకు ఐపీఎల్ జట్టొచ్చింది. రోజూ వేలమంది యాత్రికులు వచ్చిపోయే తిరుపతికి ఎందుకు రాదు? కార్పొరేషన్ గట్టిగా అడిగితే ఇవ్వరా? (ఓ పాఠకుడు, బైరాగిపట్టెడ, తిరుపతి)

జవాబు: ఊరు అడిగితే ఇచ్చేది కాదండీ. జట్టును అమ్మేది బీసీసీఐ, కొనేది కంపెనీ. 2021 అక్టోబరులో రెండు కొత్త జట్లకు టెండర్ పిలిచినప్పుడు కనీస ధరే 2,000 కోట్లు. అహ్మదాబాద్, లక్నో, ఇండోర్, కటక్, గువాహటి, ధర్మశాల అని ఊళ్ల జాబితా కూడా బోర్డే ఇచ్చింది. లక్నో 7,090 కోట్లకు, అహ్మదాబాద్ 5,625 కోట్లకు పోయాయి. ఆ ఆరింటిలోనూ అప్పటికే అంతర్జాతీయ మ్యాచ్‌లు జరిగిన మైదానాలున్నాయి. మనకున్నది యూనివర్సిటీ దగ్గరి తారకరామ స్టేడియం.

ఇక యాత్రికుల లెక్క. కొండెక్కి, దర్శనం చేసుకుని, రాత్రి రైలు అందుకోవాలనుకునే మనిషి మూడున్నర గంటలు మ్యాచ్‌కు కూర్చోడు. జట్టుకైనా ప్రాణం టికెట్లు కావు, టీవీ. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులే 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి. తెలుగు ప్రేక్షకులను చూపించి డబ్బు చేసుకోవడానికి హైదరాబాద్ జట్టు ఎప్పటినుంచో ఉంది.

అడగదగ్గది వేరే ఉంది: రెండో సొంత మైదానం. 2021లో జట్టు దక్కని గువాహటిలో రాజస్థాన్ రాయల్స్, ధర్మశాలలో పంజాబ్ కింగ్స్ కొన్ని మ్యాచ్‌లు ఆడుతున్నాయి. 2024లో, 2025లో ఢిల్లీ జట్టు విశాఖకు వచ్చింది. దీనికి ఫ్రాంచైజీతోనూ (అంటే జట్టును కొన్న కంపెనీతో), రాష్ట్ర క్రికెట్ సంఘంతోనూ మాట్లాడాలి. అంతకన్నా ముందు కింది మెట్లెక్కాలి. అనంతపురం ఆర్‌డీటీ మైదానం ఏళ్లతరబడి రంజీలు ఆడించాకే 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ చూసింది.

ప్రశ్న: ముందు స్టేడియం కట్టేస్తే జట్టు అదే వస్తుందంటారు. నిజమేనా? (ఓ పాఠకురాలు, చిత్తూరు)

జవాబు: రావచ్చు, ఎనిమిదేళ్లు కాయించనూవచ్చు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు సెయింట్ పీటర్స్‌బర్గ్ జట్టు లేకుండానే డోమ్ (పైకప్పున్న స్టేడియం) కట్టి 1990లో తెరిచింది. సొంత బేస్‌బాల్ జట్టు అందులో ఆడింది 1998లో. డోమ్ కడుతున్నప్పటినుంచే వేరే ఊళ్ల జట్లు “మేం అక్కడికి పోతాం” అని బెదిరించి సొంతూళ్లోనే పనులు చేయించుకున్నాయి. షికాగోకు కొత్త స్టేడియం వచ్చింది అలాగే. బేరంలో మనం బూచి అవుతాం, అంతే.

అదే దేశంలో ఓక్లహామా సిటీ ఇంకాస్త తెలివిగా చేసింది. 1993లో ఓటింగ్ పెట్టి డాలరుకు ఒక్క సెంటు అమ్మకం పన్ను వేసుకుంది, దానితో 2002లో ఆటల హాలు తెరిచింది. 2005లో కత్రినా తుపానుకు న్యూ ఆర్లియన్స్ బాస్కెట్‌బాల్ జట్టు నిరాశ్రయమైతే రెండు సీజన్లు ఆశ్రయమిచ్చి, టికెట్లు ఎలా అమ్ముడవుతాయో లీగ్‌కు చూపించింది. 2008లో సియాటిల్ జట్టు అక్కడికి తరలిపోయింది. సియాటిల్‌తో లీజు ఇంకా రెండేళ్లుంది. యజమానులు 4.5 కోట్ల డాలర్లకు ఒప్పుకుని బయటపడ్డారు. జట్టు పేరూ రంగులూ మాత్రం సియాటిల్‌కే వదిలేశారు.

కాబట్టి ఒప్పందంలో ఏటా కనీసం ఎన్ని మ్యాచ్‌లో, మధ్యలో వదిలిపోతే ఎంత కట్టాలో, జట్టు పేరు ఎవరిదో ముందే రాసుకోవాలి. కరెంటు బిల్లు, బందోబస్తు, చెత్త ఎత్తడం ఎవరివి? పార్కింగ్, క్యాంటీన్, ప్రకటన బోర్డుల డబ్బు ఎవరికి? ఇవి మర్చిపోతే ఖర్చంతా కార్పొరేషన్‌కు, రాబడంతా ఫ్రాంచైజీకి పోతుంది.

ప్రశ్న: క్రికెట్ వద్దులెండి. ప్రొ కబడ్డీ మ్యాచ్‌లు మనూళ్లో ఆడించాలంటే ఏం కావాలి? (ఓ పాఠకుడు, శ్రీకాళహస్తి)

జవాబు: ఇది అందుబాటులో ఉన్న పని. 2022 జనవరిలో తిరుపతి ఇందిరా మైదానంలో జాతీయ స్థాయి కబడ్డీ పోటీలు జరిగినప్పుడు జనం వచ్చారు కూడా. పైగా ఈ లీగ్‌లో జట్టు ఉన్న ప్రతి ఊళ్లోనూ మ్యాచ్‌లుండవు: 2025 సీజన్ విశాఖ, జైపూర్, చెన్నై, ఢిల్లీల్లోనే జరిగింది. అంటే జట్టు లేకపోయినా ఒక విడత మ్యాచ్‌లు అడగొచ్చు.

కోర్టు చిన్నదే, పురుషులకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. రెండువైపులా ఔటైనవాళ్లు కూర్చునే చోటు, చుట్టూ ప్రకటన బోర్డులు, కెమెరాలు, వాటి వెనక గ్యాలరీ. నేల చదునుగా లేకపోతే మ్యాట్ పలకల అతుకులు విచ్చుకుంటాయి, రైడర్ కాలివేలు అందులో ఇరుక్కుంటుంది. ఏసీ డక్టు నుంచి చుక్క నీరు పడినా మ్యాట్ జారుతుంది, ఆట ఆగుతుంది.

అసలు దెబ్బ కరెంటుతో. పాత మెటల్ హాలైడ్ దీపాలు ఒక్క క్షణం ఆరితే చాలు, చల్లారి మళ్లీ పూర్తిగా వెలగడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. లైవ్‌లో అంతసేపు చీకటి చూపించలేరు. ఎల్ఈడీ దీపాలు వెంటనే వెలుగుతాయి. దీపాలకూ ఓబీ వ్యాన్‌కూ (లైవ్ ప్రసారం నడిపే టీవీ బండికి) వేర్వేరు జనరేటర్లు, ఒక్కోదానికి తోడు ఇంకోటి ఉండాలి. మ్యాచ్ మధ్యలో లైను మార్చే పని పెట్టుకోవద్దు, మొదటినుంచీ జనరేటర్ మీదే నడపాలి.

తేదీలు ఇంకో చిక్కు. జట్టుకు 18 నుంచి 25 మంది ఆటగాళ్లు. కోచ్‌లు, రిఫరీలు, టీవీ సిబ్బంది కలిస్తే వందల గదులు కావాలి. బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి, వేసవి సెలవుల్లో మన హోటళ్లలో గది దొరకడమే గగనం. లీగ్‌కు అర్జీ పెట్టేటప్పుడే ఆ తేదీలు తప్పించి, హోటళ్లతో గదుల ఒప్పందం రాయించి జతచేయండి. కాగితం లేని మాట వాళ్లు నమ్మరు.

ప్రశ్న: ఊరి జనమే వాటాలేసుకుని జట్టు కొనుక్కోకూడదా? (ఓ పాఠకుడు, పుత్తూరు)

జవాబు: అమెరికాలో దాదాపు లక్ష జనాభా ఉన్న గ్రీన్ బే ఊరికి 1923 నుంచీ అలాంటి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుంది. వాటాదారులు 5 లక్షలకు పైనే, కానీ డివిడెండ్ రాదు, లాభానికి అమ్ముకోనూ కూడదు. ఆ జట్టు ఆడే లీగ్ ఇప్పుడు ఇంకెవరికీ ఆ పద్ధతి ఒప్పుకోదు. చందా ఇచ్చే మనసుంటే పుత్తూరు స్కూలు పిల్లలకు కబడ్డీ మ్యాట్ ఒకటి కొనిపెట్టండి.