బెయిలిఫ్ తప్పు చేస్తే జవాబు చెప్పాల్సింది ఎవరు?

ప్రశ్న: అన్నా, యూకేలో మాస్టర్స్ అయిపోయి పీఎస్‌డబ్ల్యూ (చదువయ్యాక ఇక్కడే పని చేసుకునే వీసా) మీద ఉన్నాను. కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి మీద స్థానిక కౌన్సిల్ వేసే పన్ను) బాకీ అంటూ బెయిలిఫ్ (బాకీలు వసూలు చేసే ఏజెంటు) వచ్చి గుమ్మంలో కేకలేశాడు. రూమ్మేట్ లాప్‌టాప్ కూడా పట్టుకుపోతానన్నాడు. కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే "ఏజెంట్లతోనే మాట్లాడుకోండి" అన్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: తమ్ముడూ, కౌన్సిల్‌నే పట్టుకో. ఆ మాట విని వెనక్కి తగ్గకు.

కొన్నేళ్ల కిందట మా ఇంటికీ ఇలాగే వచ్చాడొకడు. ఇంట్లో మా అత్తగారు ఒక్కరే ఉన్నారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. తలుపు తీయగానే లోపలికొచ్చి టీవీ, సోఫా, కుట్టుమిషను అన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాడు. అతనిచ్చిన కాగితాన్ని ఆవిడ గవర్నమెంటు కాగితమనుకుని, మడతపెట్టి దేవుడి అలమరలో దాచారు. సాయంత్రం తీసి చూస్తే, ఆ బాకీ మాకు ముందు ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్లది! కౌన్సిల్‌కి రాస్తే మొదట నీకు చెప్పిన మాటే చెప్పారు. "ఆయన మీ పని మీద వచ్చాడు, జవాబు మీరే చెప్పాలి" అని మళ్లీ రాశాను. మూడు వారాలకి క్షమాపణ ఉత్తరం వచ్చింది.

ఇంగ్లండ్, వేల్స్‌లో బెయిలిఫ్‌ల పద్ధతంతా 2007 చట్టంలో ఉంది. అది 2014 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. బెయిలిఫ్ ఆ నిబంధనలు మీరి నీకు నష్టం కలిగిస్తే, కోర్టు అతని చేతే కాదు, బాకీ వసూలుకి అతన్ని పంపినవాళ్ల చేత కూడా పరిహారం ఇప్పించవచ్చు. నిబంధన మీరలేదని సహేతుకంగా నమ్మి చేశాడని తేలితే మాత్రం పరిహారం రాదు. అందుకే ఏం జరిగిందో తేదీ, టైముతో సహా ఇవాళే రాసిపెట్టుకో.

అయినా నీ విషయంలో కోర్టు దాకా వెళ్లే అవసరం రాకపోవచ్చు. ముందు కౌన్సిల్‌కే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యి. వాళ్ల జవాబుతో తృప్తి లేకపోతే కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు విచారించే లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లు (ఇది ఇంగ్లండ్‌కే, వేల్స్‌లో వేరే అంబుడ్స్‌మన్ ఉన్నారు). ఖర్చేమీ ఉండదు. సంగతి తెలిసిన 12 నెలల్లోపు వెళ్లాలి. కౌన్సిల్ తరఫున బెయిలిఫ్ చేసిన పనిని వాళ్లు కౌన్సిల్ పనిగానే చూస్తారు. మన ఊళ్లో బ్యాంకు రికవరీ ఏజెంటు ఇంటి మీదకొస్తే, ఆర్‌బీఐ బ్యాంకునే బాధ్యుణ్ణి చేస్తుంది కదా, ఇదీ అంతే.

ఇక లాప్‌టాప్ సంగతి. అది నీ రూమ్మేట్‌దైతే నీ బాకీకి దాన్ని ముట్టుకోకూడదు. కొన్న బిల్లు తీసి పక్కన పెట్టమను. కౌన్సిల్ ట్యాక్స్ కోసం మొదటిసారి వచ్చినవాడు తలుపు బద్దలుకొట్టకూడదు, కిటికీలోంచి దూరకూడదు. ఉదయం 6 నుంచి రాత్రి 9 లోపే రావాలి, దానికి ముందు కనీసం 7 పూర్తి రోజుల నోటీసు ఇవ్వాలి. తలుపు తియ్యకుండా కిటికీలోంచే మాట్లాడినా తప్పు లేదు. ఒక్కసారి లోపలికి రానిచ్చి సామాన్ల ఒప్పందం (సామాన్లు రాసుకుని, బాకీ కడుతుంటే వాటిని నీ దగ్గరే ఉంచే ఒప్పందం) మీద సంతకం పెట్టావా, ఆ కట్టుబడి తప్పితే మళ్లీ వచ్చినప్పుడు బలవంతంగా లోపలికి వచ్చే హక్కు వాళ్లకి వస్తుంది.

ఒక మాట నిష్ఠూరంగా చెబుతాను. ఫిర్యాదు చేసినంత మాత్రాన బాకీ పోదు. ఫుల్‌టైమ్ స్టూడెంట్‌గా ఉన్నన్నాళ్లే మినహాయింపు. కోర్సు పూర్తయిన రోజు నుంచి కట్టాల్సిందే. పీఎస్‌డబ్ల్యూ అంటే స్టూడెంట్ కాదు. ఇక్కడే మనవాళ్లు చాలామంది చిక్కుకుంటారు. కేసు బెయిలిఫ్‌కి వెళ్లగానే ఒక ఫీజు, ఇంటికొస్తే ఇంకో ఫీజు పడతాయి. 2014 నిబంధనల్లో ఇవి 75, 235 పౌండ్లుగా పెట్టారు, ఆ తర్వాత పెంచారు. కోర్సు తేదీలున్న ఉత్తరం యూనివర్సిటీ నుంచి తెచ్చి, స్టూడెంట్‌గా ఉన్న నెలల పన్ను తీసేయించుకో. మిగిలింది వాయిదాల్లో కడతానని రాయి.

ఆ బెయిలిఫ్ ఒంటి మీద కెమెరా ఉందేమో గుర్తు తెచ్చుకో. ఉంటే ఆ వీడియో కాపీ కావాలని కంపెనీకీ కౌన్సిల్‌కీ ఇద్దరికీ ఈ రాత్రికే ఈమెయిల్ పెట్టు, వాటిని ఎక్కువకాలం ఉంచరు.